పుటల సంఖ్య, పదముల వరుస



తమ ఊరి చరిత్రను తామే వ్రాసికొనవలెననెడి కోరిక మన పల్లెలలోని పెద్దలకు కలుగుచున్నదని నా యొద్దకు వచ్చు వ్రాతప్రతులను బట్టి చెప్పగలను. ఒకరు దేవాలయపు మాన్యముల వృత్తాంతమును, ఒకరు తమ వంశవృక్షమును, మఱియొకరు చెఱువునకు తూములు కట్టించినవారి పేళ్లను కాగితముపై నుంచి, మనుమని చేతనో మనుమరాలి చేతనో కంప్యూటరులో నెక్కించుచున్నారు. నేను చిలకలగూడలో కాపురముండువాడను. సికిందరాబాదు రైలుస్టేషను మాకు నడక దూరముననే యున్నది. అందుచేత జనగామ, ఆలేరు, భువనగిరి మార్గమున వచ్చువారు బండి దిగి, ప్రతిని చంకను బెట్టుకొని తిన్నగా మా వైపు టైపింగు అంగళ్లకు వచ్చుట గలదు. ప్రూఫులు దిద్దుట నా వృత్తి యగుటచే వారిలో కొందఱు నా గుమ్మమును ఎక్కుదురు.

మూడేండ్ల క్రిందట ఆలేరు ప్రాంతపు పెద్దమనిషి యొకరు తమ గ్రామచరిత్రను తెచ్చిరి. పుటలు 212. చివర పేళ్లకు అకారాదిసూచిక యుండి తీరవలెనని వారి పట్టుదల. "చరిత్ర ఎవరు చదువుదురయ్యా! అందఱును తమ తాతపేరు ఏ పుటలో నున్నదో చూచుకొందురు" అనిరి. ఆ మాట నిజము. నేను ప్రతిని ముందు వేసికొని, పేరుపేరునకు పుటసంఖ్యను చేతితో గుర్తించి పట్టిక టైపు చేయించితిని. అచ్చునకు పంపుటకు రెండు దినముల ముందు, పట్వారీగారి పాతపెట్టెలో సనదుల నకళ్లు కొన్ని దొరకినవని వారు పరుగున వచ్చిరి. వానిని 60వ పుట వెనుక చేర్చితిమి. ఏడు పుటలు పెరిగినవి. సూచికను మఱల చూడవలెనని నాకు తోపకపోలేదు. మొదటి ప్రకరణములలోని పేళ్లు పది తీసి సరిచూచితిని; అన్నియు సరిగానే యుండెను. ఆ పదియు 60వ పుటకు ముందువని గమనింపనైతిని.

ఆవిష్కరణ దినమున ఒక యింటి పెద్ద సూచికను తెఱచి, తూము కట్టించిన తన ముత్తాత పేరునకెదుట 84 అని చూచి, 84వ పుట తీసెను. అచ్చట వేఱొక యింటివారి పెండ్లి వైభవము వర్ణింపబడి యున్నది. ముత్తాతగారి ప్రస్తావన 91వ పుటలో నిక్షేపముగా నున్నది గాని, ఆయన ఆ ఏడు పుటలు తిరుగవేయలేదు. తమ వంశము పేరు కావలెననియే తీసివేసిరని తలచి, పుస్తకమును బల్లపై నుంచి వెడలిపోయెను. తప్పొప్పుల పట్టిక అచ్చొత్తించి మిగిలిన ప్రతులకంటించితిమి. ఆయన యింటికి ఒక ప్రతి తీసికొనిపోవుటకు మాత్రము నాకు రెండు నెలల వఱకు మొగము చెల్లలేదు. తప్పు నాది. ఇట్టిది మీకు జరుగకుండుటకే ఈ ప్రసంగము. మీరు మీటలు నొక్కనక్కఱలేదు. నొక్కువారిని అడుగవలసినదేమో తెలిసిన చాలును.

సీసపు అక్షరములను కూర్చి అచ్చువేయు కాలమున పుట యనునది చేతితో ముట్టదగిన వస్తువు. కంపోజిటరు దానిని కూర్చి త్రాటితో కట్టును. అట్టివి కొన్ని చేర్చి ఇనుప చట్రములో బిగించి ఒక ఫారముగా అచ్చువేయుదురు. పిదప అక్షరములను విప్పి అఱలలో వేయుదురు. ఇక ఆ పుట మాఱదు. గ్రంథకర్త అచ్చయిన ఫారములను ముందుంచుకొని, పేరునకొక చీటి వ్రాసి, చీట్లను అకారాదిగా పేర్చి సూచిక కట్టెడివాడు. పీఠికయు తఱచుగా చివరనే అచ్చగుచుండెను. అది ఎన్ని పుటలగునో ముందుగా ఎవరికిని తెలియదు గదా! అందుచేతనే దానికి రోమను అంకెలో, వేఱు గుఱుతులో పెట్టి, మూలమును 1తో మొదలు పెట్టిరి. అంతకు ముందటి తాళపత్రములకు సాధారణముగా ఆకునకొక్క సంఖ్యయే, అదియు అంచున. త్రాడు తెగి కట్ట చెదరినను ఆ సంఖ్యను బట్టియే ఆకులను మఱల పేర్చుకొనిరి.

కంప్యూటరులో వర్డ్ అనియు రైటర్ అనియు పిలువబడు వ్రాతసాధనములయందు పుట అట్టి వస్తువు కాదు. అచ్చట నున్నది మొదటి యక్షరము మొదలు తుదియక్షరము వఱకు ఒకే ప్రవాహము. కాగితపు కొలత, అంచుల కొలత, అక్షరముల పరిమాణము ఇంతింత యని చెప్పగానే యంత్రము ఆ ప్రవాహమును పుటలుగా విఱిచి చూపును. నడుమ ఒక వాక్యము చేర్చినను, ఒక బొమ్మ తీసివేసినను, అచ్చటినుండి విఱుపులన్నియు మఱల జరుగును. నా 84 ఇట్లే చెడినది. ముత్తాతగారు ప్రవాహముతో పాటు ముందునకు జరిగిరి; నేను టైపు చేయించిన అంకె ఉన్నచోటనే నిలిచినది.

కావున మొదటి సూత్రము: పుటసంఖ్యను అంకెగా టైపు చేయరాదు. వర్డ్‌లో ఇన్సర్ట్ అను వరుసలోని పేజ్ నంబరు అనుదానిచే పెట్టింపవలెను. అట్లు పెట్టినది చూపునకు అంకెయే గాని, లోపల "ఇది ఎన్నవ పుటయో లెక్కించి ఇచ్చట వ్రాయుము" అను ఆజ్ఞ. ఇట్టి ఆజ్ఞకు ఫీల్డ్ అని పేరు. ఈ మాట ముందు మఱల వచ్చును గావున జ్ఞప్తియందుంచుకొనుడు.

ఇంతవఱకు టైపు చేయు పిల్లలందఱకు తెలియును. చిక్కు అట్టతోను పీఠికతోను వచ్చును. అట్టపై సంఖ్య యుండరాదు. మూలము 1తో మొదలు కావలెను. కుఱ్ఱవాడు అట్టమీది సంఖ్యను తుడుచును. వెంటనే పుస్తకమంతటను సంఖ్యలు మాయమగును. మఱల పెట్టును, అట్టపై మఱల ప్రత్యక్షమగును. ఈ దోబూచులాట ఒక పూట యంతయు సాగుట నేను చూచితిని. కారణము చిన్నది. పుస్తకమంతయు యంత్రము లెక్కకు ఒకే విభాగము. ఫుటరు అనెడి అడుగుపట్టీ విభాగమునకంతటికిని ఒక్కటియే. ఒకచోట తుడిచిన అన్నిచోటుల తుడిచినట్లే.

అట్ట, పీఠిక, మూలము వేఱువేఱు విభాగములు కావలెనన్నచో, లేఅవుట్ వరుసలోని బ్రేక్స్ అనుచోట సెక్షన్ బ్రేక్ అను కోవలోని నెక్స్ట్ పేజ్ అనుదానిని పెట్టవలెను. ఉత్త పేజ్ బ్రేక్ చాలదు. అది క్రొత్త కాగితము నిచ్చును గాని క్రొత్త విభాగము నీయదు. అటుపిమ్మట క్రొత్త విభాగపు అడుగుపట్టీలోనికి పోయి, లింక్ టు ప్రీవియస్ అను లంకెను త్రెంపవలెను. అడుగుపట్టీకి ఒక లంకె, తలపట్టీకి వేఱొక లంకె. సంఖ్య ఎచ్చట నున్నదో ఆ లంకెను త్రెంపుట ముఖ్యము. లంకె తెగిన తరువాతనే అట్టమీది సంఖ్యను తుడువవలెను. తుదకు ఫార్మాట్ పేజ్ నంబర్స్ అనుచోట స్టార్ట్ ఎట్ అనుదాని యెదుట 1 వేయవలెను. లంకె త్రెంపకముందే తుడుచుటయే పైన చెప్పిన దోబూచులాటకు మూలము.

దీనికి విరుద్ధమైన రోగము మఱొకటి. ప్రకరణము మాఱినప్పుడెల్ల సంఖ్య 1కి పోవుచుండును. ఆ విభాగములన్నింటిలోను స్టార్ట్ ఎట్ 1 అను ఆజ్ఞ మిగిలిపోయినదన్నమాట. దానిని తీసి కంటిన్యూ ఫ్రమ్ ప్రీవియస్ సెక్షన్ అనుదానిని ఎన్నుకొన్నచో సంఖ్య వరుసగా సాగును. 7 పిమ్మట 9 కనబడి, 8 ఏమైనదని మీరు వెదకినచో, అచ్చట ఆడ్ పేజ్ అను విభాగపు విఱుపు ఉన్నదేమో చూడుడు. ప్రకరణము ఎల్లప్పుడును బేసిపుటతోనే మొదలుకావలెనని అది పట్టుపట్టి, నడుమ ఒక ఖాళీపుటను లెక్కలో వదలును. అది తప్పు కాదు. కొందఱు ప్రకాశకులు కోరి చేయించుకొందురు. ఇక విభాగపు విఱుపును తొందరపడి తుడువరాదు. ఒక విభాగపు లక్షణములు దాని చివరనున్న విఱుపులో దాగియుండును. అది పోయినచో ముందటి భాగము వెనుకటి భాగపు రూపమును ధరించును. రైటర్‌లో పద్ధతి కొంత భిన్నము: అందు పేజ్ స్టైల్ అను పుటరూపములను వేఱువేఱుగా నేర్పఱచి, విఱుపు పెట్టునప్పుడే ఏ రూపము, ఏ సంఖ్య యని చెప్పవలెను. సారమొక్కటియే.

ఇక సూచిక. ఇందు యంత్రము చేయగలదేది, మనుష్యుడు చేయవలసినదేది యని తెలిసికొనుటయే పని యంతయు. యంత్రమునకు లెక్కించుట తెలియును. ఎవరు ఎవరో తెలియదు. మూలములో ముత్తాతగారి పేరు వచ్చినచోట దానిని ఎన్నుకొని ఆల్ట్, షిఫ్ట్, ఎక్స్ అను మూడు మీటలను కలిపి నొక్కినచో ఒక చిన్న పెట్టె తెఱచుకొనును. అందు మార్క్ అనగానే ఆ పేరు ప్రక్కన ఒక రహస్యపు గుఱుతు నాటుకొనును. అదియు ఫీల్డే. పేరు ఎచ్చటికి జరిగిన గుఱుతు అచ్చటికి జరుగును. అన్నియు నాటిన పిదప రెఫరెన్సెస్ వరుసలోని ఇన్సర్ట్ ఇండెక్స్ అనుదానిచే సూచిక తయారగును. మూలమున మార్పు చేసినప్పుడెల్ల సూచికపై నిలిచి ఎఫ్ 9 నొక్కినచో సంఖ్యలన్నియు సరిపడును. ఈ మీట నాకప్పుడు తెలిసియుండినచో 84 తనంతట 91 అయ్యెడిది.

ఒక మెలకువ. నాటిన గుఱుతులు తెరపై కనబడుచున్నప్పుడు అవియు చోటు నాక్రమించి వాక్యములను క్రిందికి త్రోయును. అప్పుడు కట్టిన సూచికలో సంఖ్యలు తప్పవచ్చును. వానిని కనబడకుండ మఱుగుపఱచిన తరువాతనే సూచికను కట్టవలెను. మఱియు, సూచికలో తప్పు కనబడినప్పుడు సూచికను దిద్దరాదు. అది ఆజ్ఞచే పుట్టినది. మఱల ఎఫ్ 9 నొక్కగానే మీరు దిద్దినదంతయు తుడిచిపెట్టుకొనిపోవును. మూలములోని గుఱుతును దిద్దవలెను.

మార్క్ ఆల్ అను మీట యొకటి కలదు. ఒకచోట చూపిన మాటను అంతటను వెదకి తానే గుఱుతులు నాటును. ఇంగ్లీషునకిది కొంత వఱకు మేలే. మన భాషకు చాలదు. ఇల్లు అను మాట ఇంటికి అనియు, ఇండ్లు అనియు మాఱును. గ్రామము అనునది గ్రామపు, గ్రామాన అని వచ్చును. యంత్రము చూపిన రూపమునే వెదకును గాని విభక్తి నెఱుగదు. అంతకన్న పెద్ద చిక్కు పేళ్లది. తాతపేరు మనుమనికి పెట్టుట మన ఆచారము. ఒకే యింటిపేరు, ఒకే పేరు గలవారు రెండు తరములకొకసారి పుట్టుచుందురు. మార్క్ ఆల్ నొక్కినచో తూము కట్టించిన ముత్తాతయు, సర్పంచిగా నిలిచిన ముని మనుమడును ఒకే వరుసలో పడుదురు. అట్టి పేళ్లకు గుఱుతు నాటునప్పుడే తండ్రిపేరో, కాలమో చేర్చి వేఱుచేయవలెను. ఈ పని ఊరివారు చేయదగినది. నావంటి పరదేశికి సాధ్యము కాదు.

వర్ణక్రమము సంగతి మా పేటపేరునే ఉదాహరణముగా చూడుడు. చిలకలగూడ అని వ్రాయువారున్నారు, చిలుకలగూడ యనువారున్నారు, చిల్కలగూడ, చిలకల్‌గూడ అనియు కానవచ్చును. మనకు నాలుగును ఒకటే. యంత్రమునకు నాలుగు ఊళ్లు. సూచికలో నాలుగు వరుసలు. ఒక ప్రకరణములో చెఱువు అని బండిఱతోను, వేఱొక ప్రకరణములో చెరువు అని మామూలు రకారముతోను వ్రాసిన గ్రంథమున చెఱువు రెండయిపోవును. వేఱువేఱు చేతులు వ్రాసిన గ్రామచరిత్రలలో ఇది తప్పనిసరి. ఒక రూపమును ప్రధానముగా నేర్పఱచుకొని, మిగిలినవానికెదుట "చిలకలగూడ చూడుడు" అని పంపవలెను. ఇందులకును ఆ చిన్నపెట్టెలోనే క్రాస్ రెఫరెన్స్ అను చోటున్నది. ఇంకొక మాయ కలదు. చిలకల్‌గూడ యని వ్రాయునప్పుడు లకారము క్రింద గకారము ఒత్తుగా పోకుండుటకై నడుమ కంటికి కనబడని గుఱుతొకటి పెట్టుదురు. అట్టిది పొరపాటున పేరు చివర మిగిలిపోయినచో, అచ్చుగ్రుద్దినట్లుండు పేళ్లు రెండు ఒకదానిక్రింద నొకటి నిలుచును. పేరును తుడిచి మఱల టైపు చేయుటయే దానికి మందు.

ఇప్పుడు అకారాది సంగతి. పాతపద్ధతి తెలుగు అక్షరములతో టైపు చేసిన ప్రతులు ఇప్పటికిని నాయొద్దకు వచ్చుచుండును. అవి తెరపై తెలుగే గాని, యంత్రపు కడుపులో రోమను అక్షరముల స్థానములలో తలకట్లు, కొమ్ములు, ఒత్తులు ముక్కలుముక్కలుగా నుండును. వానిని వరుసలో పెట్టుమన్నచో యంత్రము రోమను వరుసలో పెట్టును. అకారము పిదప ఏమి వచ్చునో దేవునికే యెఱుక. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు అక్షరములకు వేఱు స్థానములు లభించినవి. సూచిక కావలెనన్న ప్రతి యూనికోడ్‌లో నుండవలెను. లేనిచో ముందు మార్పించి, మార్పులో చెదరిన ఒత్తులను ప్రూఫు చూచి సరిచేసికొని, తరువాతనే గుఱుతులు నాటవలెను.

యూనికోడ్ అయినను అంతయు మన బడివరుస కాదు. మన పలకమీద ళకారము హకారము తరువాత వచ్చును, ఆ పిదప క్ష, ఱ. యూనికోడ్ స్థానములలో ఱ అనునది ర వెంటనే, ళ అనునది ల వెంటనే యున్నవి. అందుచేత ఆ వరుసలో కళ అను మాట కవి కంటె ముందు నిలుచును. క్షేత్రము అనునది ప్రత్యేకాక్షరము కాక, కకారము క్రింద షకారముగా, కౌలు అను మాట తరువాత వచ్చును. అన్నిటికంటె చిక్కు సున్నది. గుణింతము చదివినవాడు కంచి అను మాటను కౌలు వెనుక వెదకును. ఆ వరుసలో అది కకారము మొదటనే, కచేరి కంటె ముందు, ఉండును. ఏది సరి యని వాదించినచో తెల్లవాఱును. 1885లో శబ్దరత్నాకరమును వెలువరించిన బహుజనపల్లి సీతారామాచార్యులవారు యంత్రసహాయము లేకయే వేలమాటలకు వరుస నిర్ణయించుకొనిరి. మన గ్రామచరిత్రలో నుండునవి నాలుగైదు వందలు. నా మట్టుకు, సున్నపదములను అక్షరము మొదటనే యుంచి, క్షకారమును ళకారమును మాత్రము పలకవరుసకు తెచ్చుచున్నాను. మీరు వేఱుగా నుంచుకొన్నను దోషము లేదు. ఏ వరుసయో సూచిక తలపై రెండు పంక్తులలో చెప్పవలెను.

అయితే చేతితో వరుస మార్చినది ఎఫ్ 9 తో చెడునని ఇంతకుముందే చెప్పితిని. అందుచే ఈ పని అన్నిటికంటె చివర చేయవలెను. మొదట మూలము పూర్తికావలెను, ప్రూఫులు ముగియవలెను, బొమ్మలు, నకళ్లు, అనుబంధములు చేరవలెను. అటుపిమ్మట సూచికను కడపటిసారి సరిపఱచి, పత్రమునకు మఱొక పేరుతో నకలు తీసి, ఆ నకలులో సూచికను ఎన్నుకొని కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్ 9 కలిపి నొక్కినచో అది ఆజ్ఞాబంధము విడి మామూలు వ్రాతయగును. దానిని నిర్భయముగా వరుస మార్చుకొనవచ్చును. గుఱుతులు గల మొదటి పత్రమును పారవేయరాదు.

పని ముగిసినదనుకొని ప్రతిని అచ్చాఫీసునకు పంపుదురు. అచ్చటి కంప్యూటరులో మీరు వాడిన లిపి లేదనుకొనుడు. అది తనకు తోచిన వేఱు లిపిని పెట్టును. తెలుగు లిపులలో ఒత్తులకును గుడులకును విడువవలసిన ఎత్తు లిపికొక విధముగా నుండును. గౌతమిలో ముప్పది పంక్తులు పట్టిన పుటలో మఱొక లిపిలో అన్ని పట్టకపోవచ్చును. ప్రవాహము మఱల విఱుగును. చేతికట్టు సూచిక మఱల అబద్ధమగును. కావున అచ్చునకు పంపునది పీడీఎఫ్ అను స్థిరరూపమై యుండవలెను. అందు పుటలు మఱల సీసపు పుటలవలె కదలవు. దానిని కాగితముపై తీయించి, సూచికలోని పేళ్లను సరిచూడవలెను, అదియు పుస్తకము చివరి పుటలనుండి వెనుకకు. జరుగుబాటు ఎచ్చట మొదలైనను దాని ఫలము చివర తప్పక కనబడును; మొదటి పుటలను చూచి తృప్తిపడినవాని గతి మీరు వినియే యున్నారు.

ఆ గ్రామచరిత్రకు నిరుడు రెండవ కూర్పు వచ్చినది. మొదటిది డెమ్మీ కొలతలో నుండగా, ఖర్చు తగ్గుటకై ఈసారి క్రౌను కొలత పెట్టిరి. పుటలు 268 అయినవి. ముత్తాతగారు 114వ పుటకు చేరిరి. సంఖ్యలను సరిచేయుటకు ఒక మీట చాలినది. పేళ్ల వరుసను సరిచూచుటకు మాత్రము ఆ పెద్దమనిషియు నేనును మా చిలకలగూడ యింటి వసారాలో రెండు సాయంకాలములు కూర్చుంటిమి. రెండవనాడు మాతో మూడవవాడు కూర్చుండెను. తన ముత్తాత పేరును తానే సరిచూచుకొనవలెనని, తూమువారి యింటి పెద్ద రైలెక్కి వచ్చెను.